గాదె కింది గొంతు

శోణగిరి నగరానికి ఆ రోజు పెళ్లికళ వచ్చింది. ఏడు ప్రాకారాల మీద ఏడు రంగుల పతాకాలు ఎగురుతున్నాయి. రాజవీధికి రెండు పక్కలా అరటిబోదెలు, వాటి మీద మామిడాకుల తోరణాలు, తోరణాల కింద చందనపు నీళ్లు చల్లిన నేల. మేడల గవాక్షాల్లో ఆడవాళ్లు పూలబుట్టలు ఒళ్లో పెట్టుకుని తూర్పు ద్వారం వైపే చూస్తున్నారు. ద్వారం ముందు పంచకల్యాణి గుర్రం ఒకటి, రత్నాల జీనుతో, వెండి కళ్లెంతో, రౌతు లేకుండా నిలబడి గిట్టలతో నేల గీరుతోంది. ఏ పరదేశి అయినా ఆ వేళ నగరంలో అడుగుపెడితే ఇంత సుఖంగా ఉన్న రాజ్యం భూమ్మీద ఇంకోటి లేదనుకుంటాడు. అనుకోనివ్వండి, పరదేశికి ఏం తెలుసు!

అసలు సంగతి చెబుతాను. యువరాజు ఇంద్రకేతుడు మాయమై ఆ సాయంత్రానికి పదమూడేళ్లు నిండుతాయి. పదమూడో ఏటి చివరి పొద్దు గుంకేలోగా వారసుడు వచ్చి సభామంటపంలోని జేగంట మోగించాలి. మోగించకపోతే కిరీటం రాజప్రతినిధికి చెందుతుందని ఆ రాజ్యధర్మం. ఆ రాజప్రతినిధి మరెవరో కాదు, మంత్రగాడు ధూమకర్ణుడు. కోపం వస్తే వాడి రెండు చెవుల్లోంచీ పొగ వస్తుంది. ఆ పొగ వాడు చెప్పిన చోటికల్లా వెళ్లి చెప్పిన పనల్లా చేసుకొస్తుంది.

ఈ పదమూడేళ్లూ శోణగిరి జనం చేసిన పని ఒక్కటే, ఎదురుచూడటం. దానికో ఆచారం కూడా పుట్టింది. యువరాజు ఎక్కడో దూరదేశంలో సైన్యం కూడగడుతున్నాడనీ, తిరిగొచ్చిన నాడు ఆ సైన్యానికి తిండి కావాలనీ ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. రోజూ పొద్దు వాటారే వేళ ఇంటికొకరు పిడికెడు గింజలు పట్టుకుని కోటలోని రాతిగాదె దగ్గరికి వెళతారు. గాదె నోటి మీదికి వంగి, యువరాజా రా అని పిలుస్తారు. లోపలెక్కడో బల్లి పలుకుతుంది. అనుకున్నది నిజమవుతుందనడానికి బల్లి పలుకు కన్నా ఏం కావాలి? వేలితో రాతి మీద మూడుసార్లు తట్టి, సత్యం, సత్యం, సత్యం అని, అప్పుడు పిడికిలి విప్పుతారు. బల్లి పలకనిదే గింజ రాలకూడదు. పదమూడేళ్లలో అది పలకని రోజు లేదు. అందుకే కొరడాలు తగిలినా, కళ్లముందే పంటలు తోలుకుపోయినా జనం పంటి బిగువున ఓర్చుకున్నారు. రేపు వస్తాడు కదా, వచ్చాక చూసుకుందామనుకున్నారు. ఆ గింజలన్నీ పక్క తూములోంచి జారి ధూమకర్ణుడి సైనికుల వంటశాలకు చేరుతున్నాయని మాత్రం ఒక్కరికీ తెలియదు.

ఆ పూట తూర్పు ద్వారంలోంచి ఒక బైరాగి లోపలికి వచ్చాడు. ఒళ్లంతా విభూతి, చేతిలో కమండలం, నెత్తిమీద బుట్టెడు జడలు. అతను మన బాచన్నే. కొండచరియల మీద తేనె తీసుకుని బతికే బాచన్న మూడేళ్ల క్రితం, యువరాజును తెస్తానని అక్క చిట్టెక్కకు మాటిచ్చి ఇల్లు విడిచాడు. సముద్రాలు దాటాడు, మాట్లాడే పాములతో వాదించాడు, అగ్నిద్వీపంలో రాక్షసుడితో మూడు పగళ్లు పోరాడాడు. చచ్చిపోతూ ఆ రాక్షసుడు నవ్వాడు. నువ్వు వెతికేవాడు మీ గాదె కిందే ఉన్నాడురా వెర్రివాడా, మీ అందరి కాళ్ల కింద ఉన్నాడు అన్నాడు. ఓడించినవాడి మీద ఏం దయ కలిగిందో, ఇనుమునైనా కోసే తన కోరపన్ను ఊడబెరికి ఇచ్చి కన్నుమూశాడు. ఆ పన్ను ఇప్పుడు బాచన్న బొడ్లో ఉంది. నెత్తిమీద ఉన్నవి జడలు కావు, తేనె తీసే నారతాడు చుట్టలు.

కోట గుమ్మంలో కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు. పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"స్వామీ, ఈ పూటైనా వస్తాడంటారా?"

"వస్తాడు నాయనా," అన్నాడు బాచన్న.

కావలివాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈటె పక్కకు తీశాడు. అమ్మా, ధూమకర్ణుడి సైనికులు కూడా ఎదురుచూస్తున్నారా అనుకుంటూ బాచన్న లోపలికి జొరబడ్డాడు.

గాదె ముందు అప్పటికే జనం బారులు తీరారు. బాచన్న అటు పోలేదు. గాదె వెనక గోడ కోట చివరి బురుజుకు ఆనుకుని ఉంటుంది, బురుజు కింద నిలువు కొండ, కొండ కింద లోయ. ఆ కొండ నడుమ మనిషి దూరేంత గాలికంత ఒకటి ఉందని రాక్షసుడు చెప్పాడు. పొద్దింకా రెండు బారలుంది. బాచన్న జడలు విప్పి, తాడు కొస బురుజు రాతికి బిగించి, ఒంటికి ఆకుపసరు పూసుకుని కొండ మీదుగా కిందికి జారాడు.

పది బారలు దిగాడో లేదో, నెత్తిమీద ఎండ మాయమైంది. తల ఎత్తితే ఇనపముక్కు గద్ద! చాటంత రెక్కలు చాచి మీద పడింది. మొదటి పోటుకు భుజం చీరుకుపోయింది. రెండో పోటు తాడుమీద పడబోతుంటే బాచన్న కొండను కాలితో తన్ని గాలిలోకి ఊగాడు. చరియ కింద నల్లగా వేలాడుతున్న తేనెపట్టు కంటపడింది. బతికితే దీనివల్లే బతకాలనుకున్నాడు. మళ్లీ ఊగి, ఆ పట్టును మడమతో ఒక్క తన్ను తన్నాడు. ఇంకేముంది, ఈగలు మబ్బులా లేచాయి. పసరు వాసనకు బాచన్నను వదిలేసి గద్దను కమ్ముకున్నాయి. గద్ద కీచుమంటూ, తనను తానే పొడుచుకుంటూ లోయలోకి పడిపోయింది.

బాచన్న గాలికంత అంచు పట్టుకుని ఆయాసపడ్డాడు. లోపల చీకటి. ఆ చీకట్లోంచి బల్లి పలికింది. బాచన్న చెయ్యి తనంత తనే పోయి రాతి మీద మూడుసార్లు తట్టింది. సత్యం, సత్యం అంది నోరు. చిన్ననాటి అలవాటు ఎక్కడికి పోతుంది? తాడు లోపలికి వేసుకుని సర్రున జారాడు.

అడుగు నేలకు తగలగానే మనిషి గొంతు వినిపించింది.

"వచ్చారా? మిగతావాళ్లు పైన ఉన్నారా?"

గాలికంత వెలుగులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కుడికాలికి గొలుసు. గడ్డం బొడ్డు దాటింది, బట్టలు పీలికలయ్యాయి, కానీ పీలికలు చక్కగా సర్దుకుని ఉన్నాడు. జుట్టు నున్నగా దువ్వి ఉంది. పక్కన చేపముల్లు దువ్వెన. నేల అద్దంలా ఊడ్చి ఉంది. బాచన్న సాష్టాంగపడ్డాడు. యువరాజు ఇంద్రకేతుడు అతణ్ణి లేవనెత్తి, ఇంత ఆలస్యమైందేమని అడగలేదు సరికదా, ఇల్లు ఇలా ఉన్నందుకు ఏమనుకోవద్దన్నాడు. రోజూ ఊడ్చి, తల దువ్వుకుని కూర్చుంటాడట. జనం వచ్చేసరికి రాజు రాజులా కనపడాలి కదా అన్నాడు.

"వస్తారని నాకు తెలుసు. నేను 'ఇక్కడ ఉన్నాను, రండి' అని అరిచిన ప్రతిసారీ పైనుంచి మూడుసార్లు తట్టి సత్యం అంటారు. పదమూడేళ్లు! ఒక్క పిలుపుకైనా బదులివ్వకుండా ఉండలేదు నా జనం. వాళ్ల ఏర్పాట్లు వాళ్లకుంటాయి, తొందరపెట్టకూడదని ఊరుకున్నాను."

బాచన్నకు సంగతి తెలిసిపోయింది. కంత బయట తను విన్నది బల్లి పలుకు. దిగాక విన్నది యువరాజు గొంతు. ఈ గోతిలో పలికిన మాట గోతి దాటేసరికి బల్లి పలుకైపోతోందన్నమాట! ఆయన పిలిచాడని వీళ్లకు తెలియదు. వీళ్లకు వినిపించలేదని ఆయనకు తెలియదు. వాళ్లు రా అన్నారు, ఈయన రండి అన్నాడు, పదమూడేళ్లు గడిచిపోయాయి. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, ఆ దువ్విన తలవైపు చూసి, చెప్పలేక మూసుకున్నాడు. ముందు బయటపడదాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు.

రాక్షసుడి పన్నుతో గొలుసు కోశాడు. చెరుకుగడలా తెగింది. యువరాజు నడుముకు తాడు కట్టి, మీరు ఎక్కండి ప్రభూ, నేను కింద నుంచి ఆసరా పడతానన్నాడు. పదమూడేళ్లు కూర్చున్న కాళ్లు వణుకుతున్నాయి. అయినా ఎక్కాడు. సగం ఎక్కాడు, కంత ఇంకో బారెడే ఉంది. అప్పుడు కంతలోంచి సన్నగా పొగ దిగింది. తాడును చుట్టుకుంది. తాడు చిటచిటలాడి మాడి తెగింది. యువరాజు వచ్చి బాచన్న గుండెల మీద పడ్డాడు.

కంతలో పొగ ముద్దకట్టి ముఖమైంది. ధూమకర్ణుడు. గొంతులో కోపం లేదు, చుట్టాన్ని పలకరించినట్టు పలకరించాడు. నా గద్దను ఈగలు తరుముతుంటే నగరమంతా చూసింది తేనెవాడా, అది చాలదూ నువ్వొచ్చావని తెలియడానికి అన్నాడు. తర్వాత యువరాజు వైపు తిరిగి, పదమూడేళ్లు దాచిన సంగతి మూడు ముక్కల్లో చెప్పేశాడు. బల్లి సంగతి, తట్టే సంగతి, గింజల సంగతి.

"నేను నీ గొంతొక్కటే మార్చాను. మిగిలిందంతా వాళ్లే చేసుకున్నారు. ఆశ తెగినవాడు కత్తి పడతాడు నాయనా. ఆశ ఉన్నవాడు పిడికెడు గింజలు పట్టుకొస్తాడు. అందుకే వాళ్ల ఆశను ఏ రోజూ చంపలేదు నేను, కన్నబిడ్డలా సాకాను. ఇవాళ తూము మూయించి, గాదె అడుగు పలక లాగిస్తున్నాను. వాళ్లు నీకోసం తెచ్చిన గింజలు నీకే చేరతాయి."

పొగ పోయింది. కంతకు అడ్డంగా బండ పడింది. నెత్తిమీద రాతిపలక గరగరా జరిగింది. అక్కడ తెరుచుకున్న గాదె నోటిలోంచి మసకవెలుగు, జనం సందడి, సన్నాయి పాట ఒక్కసారిగా కిందికి దిగాయి. ఆ నోరు ఐదు నిలువుల ఎత్తున ఉంది. గోడలు నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి.

యువరాజు నమ్మలేదు. మాంత్రికులు అబద్ధాలే చెబుతారన్నాడు. పైన ఎవరో ముసలాయన వంగి, యువరాజా రా నాయనా అన్నాడు. ఇంద్రకేతుడు ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, ఇక్కడ ఉన్నాను, నన్ను చంపుతున్నారు, రండి అని అరిచాడు. పైన మూడుసార్లు తట్టారు. సత్యం, సత్యం, సత్యం. పిడికెడు వడ్లు వచ్చి యువరాజు ముఖాన రాలాయి. ఇంకోసారి అరిచాడు, ఇంకో పిడికెడు రాలింది. బాచన్న కూడా అరిచాడు. తన గొంతు తనకు ఖంగున వినిపించింది, పైన మాత్రం ఎవరో సంబరంగా, ఇవాళ జోడుబల్లులు పలుకుతున్నాయర్రా అన్నారు. పండగనాటి జనం, ఒకరి వెనక ఒకరు తోసుకుంటూ వచ్చారు. వడ్లు పాదాలు ముంచాయి, పిక్కలు ముంచాయి, మోకాళ్లకు వచ్చాయి. వాటి మీదికి ఎక్కబోతే కాలు ఇంకా లోపలికి దిగబడుతోంది.

ఇంద్రకేతుడు గింజలు దోసిట పట్టుకుని చూస్తున్నాడు. ఎంత పస్తులున్నారో నాకోసం అన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బావుండునని బాచన్నకు అనిపించింది.

అప్పుడు తట్టింది బాచన్నకు. బల్లి పలకనిదే గింజ రాలకూడదు! చప్పున యువరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ప్రభూ, మనం అరవకూడదు, పలకకూడదు, ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు అని చెవిలో చెప్పాడు. పదమూడేళ్లుగా మీ గొంతు వాళ్లను ఇంటికి పంపిస్తోంది, ఇవాళ ఆ గొంతు వినపడకపోతే ఏమవుతుందో చూద్దామన్నాడు. యువరాజు అతని కళ్లలోకి చూశాడు. చూసి, తల ఊపాడు.

పైన ఒకావిడ వంగి పిలిచింది. బదులు లేదు. ఇంకోసారి పిలిచింది. పిడికిలి విప్పకుండా నిలబడింది. ఆవిడ వెనకాయన నేను పిలుస్తానుండమని ముందుకొచ్చాడు. ఆయనకూ బదులు లేదు. బారు ఆగింది. గింజ ఆగింది. సన్నాయి ఆగింది. పైన గుసగుసలు మొదలయ్యాయి, గుసగుసలు పెద్దవయ్యాయి. పలకడం లేదట. ఎన్నడూ ఇలా లేదు. ఇక రాడా ఏమిటి? రాకపోతే మరి ఈ పదమూడేళ్లూ? ఒక మగగొంతు బొంగురుగా అంది: "రాకపోతే మన బతుకు మనమే చూసుకోవాలి. ముందు పలుగు తెండి. ఈ రాయి లేపి లోపలేముందో చూద్దాం."

ఆ మాట విన్నాడు బాచన్న. మూడేళ్లు సముద్రాల వెంట తిరిగాడు, ఈ ఒక్క మాట కోసమే కాదూ! పైన పలుగు తెచ్చారు. రాతి మీద మొదటి దెబ్బ పడింది. దుమ్ము రాలింది. రెండో దెబ్బకు గాదె నోటి అంచు పగిలి, పెచ్చు ఊడి వడ్లలో పడింది. ఇంద్రకేతుడు బాచన్న చెయ్యి పట్టుకుని ఎముకలు నలిగేలా నొక్కాడు. ఇంకో నాలుగు దెబ్బలు పడితే రాయి లేస్తుంది. పొద్దింకా బారెడుంది. నాలుగంటే నాలుగే దెబ్బలు.

"ఆగండి బాబూ."

ఆ గొంతు ధూమకర్ణుడిది. వాడు సైనికుల్ని పిలవలేదు. కొరడా ఎత్తలేదు. పెద్దమనిషిలా నెమ్మదిగా మాట్లాడాడు. బల్లి మీద అలిగి రాయి పగలగొడతారా అన్నాడు. మనసారా అడిగేవాళ్లు అడగలేదేమో అన్నాడు. ఆ కొండపిల్ల ఏదీ, మూడేళ్లుగా తమ్ముడి కోసం రోజూ వచ్చే పిల్ల, ఆమెను పిలవండి, ఆమె అడిగితే పలక్కుండా ఉంటుందా అన్నాడు.

పలుగు దెబ్బ ఆగిపోయింది. గాదె నోటిలో ఒక తల కనపడింది. మసకవెలుగులో ముఖం తెలియలేదు, కానీ చెవికి వేలాడే గవ్వ తెలిసింది. చిన్నప్పుడు బాచన్న ఏట్లోంచి ఏరి తెచ్చిన గవ్వే అది.

"యువరాజు సంగతి నాకు తెల్దు," అంది చిట్టెక్క. "మా బాచిగాడు ఆయన్ని తెత్తానని ఎల్లాడు. మూడేళ్లయింది. ఆడు ఉన్నాడా?"

బాచన్న పెదవి కొరుక్కున్నాడు. నెత్తురు ఉప్పగా తగిలింది.

"ఉన్నాడా, పోయాడా? అదొక్కటే సెప్పు."

బాచన్న పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. పలక్కు, పలక్కు, నాలుగు దెబ్బలు అని తనకు తానే చెప్పుకున్నాడు. పైన నగరమంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. పలుగు పట్టుకున్నవాడు పట్టుకునే ఉన్నాడు.

చిట్టెక్క చాలాసేపు వింది. తర్వాత మెల్లగా అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

"అయితే పోయాడన్నమాట. ఆడి కోసం దాసిన తేనె నేనేం సేసుకోను?"

ఆమె తల రాతిమీద వాలిపోయింది. ఆ ఏడుపు గోతిలోకి దిగింది. అమ్మ పోయిన నాడు కూడా అక్క అలా ఏడవలేదు. తనను చంకనేసుకుని, ఏడవకుండా నిలబడింది.

"ఉన్నానక్కా!" అని అరిచాడు బాచన్న. "ఇక్కడే ఉన్నాను, నీ కిందే ఉన్నాను!"

అరిచాక తెలిసింది. యువరాజు చెయ్యి తన చేతిలోంచి జారిపోయింది.

పైన చిట్టెక్క నవ్వింది, ఏడుస్తూనే నవ్వింది. పలికింది, పలికింది అని వెనక్కి కేక వేసింది. పలికిందట, పలికిందట అంటూ ఆ కేక బారు పొడుగునా పాకింది. సన్నాయి అందుకుంది. ఎవరో పలుగు నేలమీద పడేశారు, అది రాళ్లమీద దొర్లుతూ పోయిన చప్పుడు కూడా బాచన్నకు వినపడింది. బొంగురు గొంతాయన, అయ్యో, తొందరపడ్డామర్రా, లెంపలేసుకోండి అన్నాడు. బొడ్లో రాక్షసుడి పన్ను ఉందని గుర్తొచ్చి బాచన్న పిచ్చిపట్టినట్టు గోడను పొడిచాడు. ఇనుమును కోసే పన్ను రాతిమీద గీత కూడా పెట్టలేదు.

చిట్టెక్క వేలు రాతిమీద మూడుసార్లు తట్టింది.

"సత్యం. సత్యం. సత్యం."

పిడికిలి విప్పింది. అందరివీ వడ్లు, ఆమెవి కొండకొర్రలు. సన్నగా, పచ్చగా జలజలా వచ్చి బాచన్న నెత్తిమీద, కనురెప్పల మీద రాలాయి. తర్వాత ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, వెనకవాళ్లకు దారిచ్చి, మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయింది.